అక్షరాల నడుమ చిరునవ్వు: వికీ పుటలలో భావచిహ్నాల చేర్పు

మాటకు ముఖం తోడుగా ఉంటుంది. రాతకు ఆ తోడు లేదు. ఎదుట నిలిచిన వ్యక్తి "బాగానే చేశావులే" అన్నప్పుడు అది మెప్పో, ఎత్తిపొడుపో వినేవారికి కంఠస్వరాన్ని బట్టి, కనుబొమల కదలికను బట్టి వెంటనే బోధపడుతుంది. అదే వాక్యం కాగితం మీద కనిపించినప్పుడు చదువరి తనకు తోచిన అర్థం చెప్పుకోవలసి వస్తుంది. పూర్వం ఉత్తరాలు రాసేవారు ఈ లోపాన్ని సంబోధనలతో, కుశల ప్రశ్నలతో, ముగింపు మర్యాదలతో కొంతవరకు పూరించుకునేవారు. కంప్యూటరు తెర మీద క్షణాలలో రాసి పంపే పొట్టి వాక్యాలకు ఆ తీరిక లేదు. ఆ వెలితిని తీర్చడానికి పుట్టినవే భావచిహ్నాలు.

ఈ చిహ్నాలు నేడు సెల్‌ఫోను ఉన్న ప్రతివారికీ పరిచితమైనవే. అయితే అనేకులు కలిసి రాసుకునే వికీ పుటలలో వీటిని ఎలా చేరుస్తారు, అందుకు వాడే ప్లగిన్ ఏ విధంగా పని చేస్తుంది, భారతీయ భాషలలో రాసే పుటలకు దానిని వర్తింపజేసేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరం అనే విషయాలు అంతగా పరిచితమైనవి కావు. చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ విషయంలో అన్ని భాషలవారూ తెలుసుకోదగిన ఒక సూత్రం ఇమిడి ఉన్నది.

ఒక అపార్థం నుండి పుట్టిన గుర్తు

1982లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో గల కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, విద్యార్థులు కంప్యూటరు ద్వారా పరస్పరం సందేశాలు రాసుకునేవారు. కిందికి పడిపోతున్న లిఫ్టులో వెలిగే కొవ్వొత్తి, పాదరసపు బొట్టు ఏమవుతాయనే భౌతికశాస్త్ర చమత్కారం మీద ఒకసారి చర్చ సాగింది. దాని కొనసాగింపుగా ఒక లిఫ్టులో పాదరసం ఒలికిందని ఎవరో పరిహాసంగా రాశారు. ముందటి చర్చ చదవనివారు దానిని నిజమైన హెచ్చరికగా భావించే ప్రమాదం ఏర్పడింది. అప్పుడు పరిహాసానికి ఏదైనా గుర్తు ఉండాలనే ఆలోచన కలిగింది.

అదే సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త ఒక సూచన చేశారు. పరిహాసానికి :-) అనీ, పరిహాసం కాని దానికి :-( అనీ రాయవచ్చునన్నదే ఆ సూచన. తలను ఎడమ ప్రక్కకు వంచి చూస్తే మొదటిది నవ్వే ముఖం. రెండు చుక్కలు కన్నులు, అడ్డగీత ముక్కు, కుండలీకరణం నోరు. రెండవదానిలో నోరు తిరగబడి విచార ముఖం అవుతుంది. ఇందులో కొత్త అక్షరం ఒక్కటీ లేదు. కీబోర్డు మీద అప్పటికే ఉన్న విరామ చిహ్నాలే కొత్త అర్థాన్ని సంతరించుకున్నాయి. విరామ చిహ్నాలతో కూర్చిన ఇట్టి ముఖాలకు ఎమోటికాన్లు అనే పేరు స్థిరపడింది.

ఎమోజీల చరిత్ర వేరు. జపాను భాషలో "ఎ" అంటే చిత్రం, "మోజి" అంటే అక్షరం. 1999లో ఆ దేశపు ఎన్‌టీటీ డొకోమో సంస్థ ఫోన్ల కోసం షిగెతాకా కురిత రూపొందించిన 176 చిత్రాలు వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనవి. ఒక్కొక్క చిత్రం అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కల గడిలో ఇమిడేది. ఎమోటికాన్ అనేది అక్షరాల కూర్పు. ఎమోజీ తానే ఒక అక్షరం. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే తరువాతి విషయం సులభంగా బోధపడుతుంది.

వికీ స్వరూపం

వికీ అంటే చదివేవారే దిద్దగల పుటల సముదాయం. 1995 మార్చి 25న వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని ప్రారంభించారు. హవాయి భాషలో "వికీ" అంటే వేగంగా అని అర్థం. హోనలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుండి ఆయన ఈ మాటను గ్రహించారు. 2001 జనవరి 15న ఇంగ్లీషు వికీపీడియా మొదలైంది. 2003 జులైలో హిందీ వికీపీడియా, అదే సంవత్సరం డిసెంబరులో తెలుగు వికీపీడియా వెలిశాయి.

వికీ సాఫ్టువేరు వికీపీడియా ఒక్కదానికే పరిమితం కాదు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ ప్రాంతాలలోని సాఫ్టువేరు సంస్థల వంటి చోట్ల ఉద్యోగులు తమ పని వివరాలను అంతరంగిక వికీలలో భద్రపరచుకోవడం వాడుకలో ఉన్నది. ఉదాహరణకు ఢిల్లీలో ఒక అనువాద విభాగం ఉన్నదని ఊహించవచ్చు. హిందీ నుండి తెలుగు, తమిళం, బెంగాలీ, మరాఠీ భాషలలోకి అనువదించేవారు అందులో పని చేస్తున్నారు. వారందరూ కలిసి వికీలో ఒక పారిభాషిక పదకోశాన్ని నిర్మించుకుంటున్నారు. ఒక్కొక్క పదానికి ఒక పుట, ఆ పుటకు అనుబంధంగా ఒక చర్చాపుట. చర్చాపుటలో ఒకరి అనువాదాన్ని మరొకరు విమర్శిస్తారు. "ఈ పదం ఎవరికి అర్థమవుతుంది?" అని ఒకరు రాస్తే అది స్నేహపూర్వకమైన సందేహమో, కఠినమైన ఆక్షేపణో తెలియక మరొకరు నొచ్చుకోవచ్చు. చిన్న నవ్వు గుర్తు ఉంటే మేలనే కోరిక అక్కడ సహజంగానే కలుగుతుంది.

ప్లగిన్ ఎందుకు?

ఈ కోరికను తీర్చడానికి రెండు మార్గాలున్నాయి. వికీ సాఫ్టువేరు మూలాన్నే మార్చడం మొదటిది. మూలాన్ని తాకకుండా ప్రక్కన ఒక చిన్న భాగాన్ని తగిలించడం రెండవది. ఈ రెండవదానినే ప్లగిన్ అంటారు. కొన్ని సాఫ్టువేర్లలో దీనిని ఎక్స్‌టెన్షన్ అని కూడా వ్యవహరిస్తారు.

వంటింటి మిక్సీ ఇందుకు చక్కని పోలిక. మోటారు ఒక్కటే. పచ్చడికి ఒక జారు, పిండికి ఒక జారు, పళ్లరసానికి ఒక జారు. అవసరమైన జారును తగిలించి, పని ముగియగానే తీసివేస్తారు. కొత్త జారు కోసం మోటారును విప్పవలసిన పని లేదు. అన్ని జారులూ ఒకే మోటారుకు సరిపడేటట్లు దాని పైభాగంలో ఒక అమరిక ఉంటుంది. వికీ సాఫ్టువేరులో అట్టి అమరికకు హుక్, అనగా కొక్కెం అని పేరు. పుట సిద్ధమయ్యే క్రమంలో నిర్ణీతమైన ఘట్టాల వద్ద సాఫ్టువేరు ఆగి, "ఇక్కడ ఎవరైనా చేయవలసిన పని ఉన్నదా?" అని విచారిస్తుంది. అక్కడ పేరు నమోదు చేసుకున్న ప్లగిన్ తన పని తాను చేసి, పుటను తిరిగి అప్పగిస్తుంది.

మూలాన్ని మార్చితే, సాఫ్టువేరు కొత్త సంచిక వెలువడిన ప్రతిసారీ ఆ మార్పులన్నీ మళ్లీ చేయవలసి వస్తుంది. ప్లగిన్ పద్ధతిలో ఆ శ్రమ చాలవరకు తగ్గుతుంది. అయితే కొత్త సంచికలో కొక్కెం రూపం మారితే ప్లగిన్‌ను కూడా అందుకు తగినట్లు సవరించుకోవాలి.

వివిధ వికీ సాఫ్టువేర్లు ఈ విషయంలో వేర్వేరు విధానాలను అనుసరించాయి. 2004లో వెలువడిన డోకువికీలో నవ్వు ముఖాలు అంతర్భాగమే. ఏ గుర్తుకు ఏ చిత్రమో తెలిపే పట్టిక ఒక ప్రత్యేకమైన ఫైలులో ఉంటుంది. నిర్వాహకులు తమ సొంత గుర్తులను స్థానిక పట్టికలో చేర్చుకోవచ్చు. టీవికీలో ఇందుకు స్మైలీస్ ప్లగిన్ అనే విడి భాగం ఉన్నది. వికీపీడియాకు ఆధారమైన మీడియావికీలో ఎమోటికాన్లు దానంతట అవి చిత్రాలుగా మారవు. కావలసినవారు ఎక్స్‌టెన్షన్ ద్వారా ఆ సౌకర్యాన్ని కల్పించుకోవాలి. ఆ ఫైళ్లను ఎక్స్‌టెన్షన్లకు కేటాయించిన ఫోల్డరులో ఉంచి, అమరికల ఫైలులో దాని పేరుతో ఒక్క పంక్తి చేరిస్తే అది పనిలోకి వస్తుంది. ఆ పంక్తిని తొలగిస్తే పుటలు పూర్వ స్థితికి వస్తాయి.

పని జరిగే తీరు

ప్లగిన్ పనిని నాలుగు మెట్లుగా విభజించవచ్చు.

మొదటి మెట్టు పట్టిక. ఎడమ ప్రక్క గుర్తు, కుడి ప్రక్క దానికి ప్రతిగా చూపవలసిన చిత్రం లేక ఎమోజీ. పట్టికను ప్లగిన్ లోపల దాచక విడిగా ఉంచితే, ప్రోగ్రాము రాయడం తెలియనివారు కూడా కొత్త గుర్తులను చేర్చగలుగుతారు.

రెండవ మెట్టు వెదకడం. కంప్యూటరుకు నవ్వు తెలియదు. దానికి తెలిసినది సంఖ్యల వరుస మాత్రమే. రెండు చుక్కలకు 58, అడ్డగీతకు 45, మూసే కుండలీకరణానికి 41 అని అంతర్జాతీయంగా సంఖ్యలు నిర్ణయమై ఉన్నాయి. 58, 45, 41 అనే వరుస ఎక్కడ ఉన్నదో ప్లగిన్ పుట అంతటా వెదకుతుంది. పట్టికలో పొడవైన గుర్తులను ముందుగా, పొట్టి గుర్తులను తరువాత వెదకడం నియమం. పట్టికలో :) అనే నవ్వు, :)) అనే పకపక నవ్వు రెండూ ఉన్నవనుకుంటే, పొట్టిదానిని ముందు మార్చినపుడు పొడవైనదాని చివరి కుండలీకరణం అనాథగా మిగిలిపోతుంది.

మూడవ మెట్టు మినహాయింపులు. వికీ పుటలోని రాత అంతా ఒకే విధమైనది కాదు. అందులో ప్రోగ్రాము నమూనాలు ఉంటాయి. యథాతథంగా చూపవలసిన భాగాలు ఉంటాయి. వెబ్ చిరునామాలు ఉంటాయి. చిరునామా ఆరంభంలో వచ్చే :// అనే గుర్తులోనే కొన్ని పట్టికలలో అసంతృప్తికి వాడే :/ అనే గుర్తు దాగి ఉన్నది. ప్లగిన్ దానిని కూడా బొమ్మగా మార్చివేస్తే లింకు పాడవుతుంది. అందువల్ల ఇటువంటి భాగాలను ముందుగా ప్రక్కకు తీసి, మిగిలిన రాతలోనే మార్పులు చేసి, తీసినవాటిని తిరిగి వాటి స్థానాలలో ఉంచాలి.

నాలుగవ మెట్టు మార్చి చూపడం. ఈ ఘట్టంలో ఒక ముఖ్యమైన నియమం ఉన్నది. మార్పు ప్రదర్శనలో జరగాలే కాని, భద్రపరచిన మూలంలో జరగకూడదు. రచయిత :-) అని రాస్తే వికీ భాండాగారంలో ఆ మూడు గుర్తులే ఉండాలి. పుటను చూపేటప్పుడు మాత్రమే అవి ముఖంగా కనబడాలి. అప్పుడు ప్లగిన్ తీసివేసినా రచన చెక్కుచెదరదు. మరొక సాఫ్టువేరుకు పుటలను తరలించినా అర్థం చెడదు. మార్పులకు ముందు సిద్ధమై దాచి ఉంచిన పుటలు కొంతకాలం పాత రూపంలోనే కనిపించవచ్చు. ఆ నిల్వను ఖాళీ చేస్తే కొత్త రూపం వస్తుంది.

విసర్గ తెచ్చే చిక్కు

ఇంతవరకు చెప్పినది ఏ దేశానికైనా వర్తించే విషయం. భారతీయ భాషల పుటలలో దీనికి తోడు మరికొన్ని చిక్కులున్నాయి.

దుఃఖము, అంతఃపురము, ప్రాతఃకాలము, పునః మొదలైన మాటలలోని విసర్గ చూపునకు రెండు చుక్కల విరామ చిహ్నాన్ని పోలి ఉంటుంది. కంప్యూటరు దృష్టిలో మాత్రం ఆ రెండింటికీ సంబంధమే లేదు. విరామ చిహ్నం సంఖ్య 58. తెలుగు విసర్గ సంఖ్య 3075, దేవనాగరి విసర్గ సంఖ్య 2307. కీబోర్డు మీద విసర్గ ఎక్కడ ఉన్నదో తెలియనివారు దానికి బదులు విరామ చిహ్నాన్నే నొక్కుతారు. చదివేవారి కంటికి ఆ తేడా అందదు. హిందీలో అతః, ప్రాయః, సామాన్యతః వంటి మాటలు అడుగడుగునా వస్తాయి గనుక ఆ భాషలో ఈ అలవాటు మరింత విస్తృతం.

ఇప్పుడు పైన ఊహించిన పదకోశాన్ని మళ్లీ పరిశీలించాలి. అందులో సంస్కృత మూల రూపాన్ని కుండలీకరణంలో చూపే పద్ధతి ఉన్నదనుకుందాం. "కవి (కవి:)" అనీ, "గురువు (గురు:)" అనీ విసర్గకు బదులు విరామ చిహ్నంతో రాసి ఉంటే, చివరి రెండు గుర్తులూ కలిసి నవ్వు ముఖమవుతాయి. కార్యాలయాలలో "గమనిక:-" అని రాసే పాత సంప్రదాయం ఉన్నది. అది కుండలీకరణం చివర వస్తే ఫాల్మన్ సూచించిన నవ్వు ముఖమే అక్షరాలా ప్రత్యక్షమవుతుంది. "హాజరైనవారు:(1)" అని విరామం లేకుండా రాస్తే సభ్యుల జాబితా విచార ముఖంతో మొదలవుతుంది. నల్ల కళ్లద్దాల ముఖానికి 8) అనే గుర్తును పట్టికలో చేర్చినట్లయితే (2018) అనే సంవత్సరం సైతం దాని పాలవుతుంది. డోకువికీ పట్టికలో ఈ ముఖానికి 8-) అని నడుమ అడ్డగీతతో కూడిన రూపమే ఉండటం ఇందువల్ల మెచ్చదగినది. సంతాప తీర్మానపు పుటలోనో, ప్రమాద మృతుల వివరాల పుటలోనో ఎవరూ రాయని నవ్వు మొలకెత్తితే అది హాస్యం కాదు, అవమానం.

ఈ చిక్కును నివారించడానికి అక్షరం వెంటనే వచ్చిన గుర్తును మార్చకూడదని ప్లగిన్‌కు నియమం పెట్టవచ్చు. అయితే ఇక్కడ మరొక సూక్ష్మం ఉన్నది. అక్షరమంటే రోమను లిపి అక్షరమేనని చాలా ప్రోగ్రాములు అలవాటుగా భావిస్తాయి. యూనికోడ్ పద్ధతిని ప్రత్యేకంగా కోరితే తప్ప "క" కూడా అక్షరమని వాటికి తోచదు. యూనికోడ్ పద్ధతిని కోరినప్పటికీ గుణింతపు గుర్తుల విషయం మిగిలిపోతుంది. యూనికోడ్ వర్గీకరణలో "క", "వ" అక్షరాలు. గుడి, కొమ్ము, దీర్ఘం మొదలైనవి అక్షరాలు కావు, అక్షరాలకు చేరే గుర్తులు.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. హిందీలోని "సామాన్యత:", "ప్రాయ:" వంటి మాటలు చివర శుద్ధమైన హల్లుతో ముగుస్తాయి గనుక పై నియమం వాటిని కాపాడుతుంది. "కవి:" గుడితో, "గురు:" కొమ్ముతో ముగుస్తాయి గనుక కొన్ని ప్రోగ్రాములలో ఆ నియమం వాటిని కాపాడలేదు. హిందీ మాటలు నాలుగింటితో మాత్రమే పరీక్షించి సరిపోయిందనుకున్న ప్లగిన్ తెలుగు పుటలో విఫలమవుతుంది. తప్పు హిందీది కాదు, తెలుగుది కాదు. ఒక భాషలో పరీక్షించి అన్ని భాషలకూ సరిపోయిందని నిర్ణయించడమే తప్పు.

ఇంతకంటె భద్రమైన నియమం ఒకటి ఉన్నది. గుర్తుకు ముందు ఖాళీ గాని, పంక్తి ఆరంభం గాని ఉండాలి. గుర్తు తరువాత ఖాళీ గాని, పంక్తి ముగింపు గాని ఉండాలి. ఈ రెండు నిబంధనలూ నెరవేరినప్పుడే దానిని ముఖంగా మార్చాలి. ఈ నియమం ఏ లిపి మీదా ఆధారపడదు. అందుచేత అన్ని లిపులకూ సమానంగా న్యాయం చేస్తుంది. దీనికి తోడు రచయితలు అసలైన విసర్గనే టైపు చేయడం అలవరచుకోవాలి. ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో తెలుగుకు, హిందీకి విసర్గ ఒకే మీట మీద ఉన్నది. ఒకే ధ్వనికి అన్ని భారతీయ లిపులలో ఒకే మీట అనేది ఆ కీబోర్డు మూలసూత్రం. హిందీ టైపు నేర్చినవారి వేళ్లకు తెలుగు "క" ఎక్కడ ఉన్నదో కొత్తగా చెప్పనక్కరలేదు.

యూనికోడ్ పట్టికలోనూ ఇదే పొందిక కనిపిస్తుంది. భారతీయ లిపుల కోసం మన దేశంలో రూపొందిన ఇస్కీ ప్రమాణపు వరుసను యూనికోడ్ అనుసరించింది. ప్రతి ప్రధాన లిపికి 128 స్థానాలు కేటాయించి, సమానమైన అక్షరాలను సమానమైన స్థానాలలో ఉంచారు. దేవనాగరి "క" సంఖ్య 2325, తెలుగు "క" సంఖ్య 3093. ఈ రెండింటి మధ్య తేడా 768. రెండు లిపుల విసర్గల మధ్య తేడా కూడా 768 మాత్రమే. లిపులు వేరైనా వర్ణమాల అమరిక ఒక్కటేనన్న విషయం ఈ అంకెలలో స్పష్టంగా కనిపిస్తుంది.

రూపాయి గుర్తు నేర్పిన పాఠం

గుర్తును ప్రదర్శనలో మార్చడానికి, గుర్తుకే సొంత సంఖ్య ఇవ్వడానికి మధ్య గల భేదాన్ని భారతదేశం 2010లో ప్రత్యక్షంగా చూసింది. ఆ సంవత్సరం జులై 15న న్యూఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం రూపాయికి కొత్త గుర్తును ఆమోదించింది. డి. ఉదయకుమార్ రూపొందించిన ₹ అనే ఈ గుర్తులో దేవనాగరి "ర" అక్షరం, రోమను లిపి "ఆర్" అక్షరం కలిసి ఉన్నాయి. గుర్తు సిద్ధమైంది కాని కంప్యూటర్లలో దానికి చోటు లేదు.

మంగుళూరుకు చెందిన ఫొరేడియన్ సంస్థ ఆ జులైలోనే ఒక ఫాంటును విడుదల చేసింది. కీబోర్డులో ట్యాబు మీటకు పైన ఉండి, సాధారణంగా ఎవరూ వాడని ` అనే గుర్తు స్థానంలో ఆ ఫాంటు రూపాయి బొమ్మను చూపేది. తక్షణావసరానికి అది తెలివైన ఉపాయమే. అయితే ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే పత్రాన్ని తెరిస్తే 500 రూపాయలకు ముందు ` అనే గీత మాత్రమే కనిపించేది. పంపినవారి తెర మీద రూపాయి, అందుకున్నవారి తెర మీద గీత. ఎమోటికాన్ ప్లగిన్ ఉన్న వికీకి, లేని వికీకి మధ్య ఉండే భేదం కూడా ఇటువంటిదే. ఒక్క తేడా మాత్రం ఉన్నది. ప్లగిన్ లేకపోయినా :-) అనే గుర్తు తన అర్థాన్ని కొంతవరకు నిలుపుకుంటుంది. ` అనే గీత రూపాయిని ఏ విధంగానూ స్ఫురింపజేయదు.

2010 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ 6.0 సంచిక రూపాయి గుర్తుకు 8377 అనే సొంత సంఖ్యను ప్రసాదించింది. నాటి నుండి ఆ సంఖ్యను గుర్తించే ఏ పరికరమైనా, ఏ ఫాంటు వాడినా రూపాయిని రూపాయిగానే చూపుతుంది. గమనించదగిన విశేషమేమంటే, జపాను ఎమోజీల నుండి గ్రహించిన చిత్రాక్షరాలు ఆరు వందలకు పైగా సరిగ్గా ఆ సంచికలోనే యూనికోడ్‌లో ప్రవేశించాయి. భారతీయ ద్రవ్యపు గుర్తు, జపాను చిరునవ్వు ఒకే సంచికలో ప్రపంచ లిపుల పట్టికలో చోటు సంపాదించుకున్నాయి.

అందువల్ల నేడు ప్లగిన్ నిర్మించేవారికి ఒక సులువైన మార్గం లభించింది. పూర్వం ప్రతి ముఖానికీ ఒక చిన్న చిత్రపు ఫైలును వికీలో భద్రపరచవలసి వచ్చేది. ఇప్పుడు :-) అనే గుర్తును చూపేటప్పుడు దాని స్థానంలో యూనికోడ్ ఎమోజీని ఉంచితే చాలు. చిత్రపు ఫైళ్ల భారం ఉండదు. అక్షరాల పరిమాణం పెంచితే ముఖం కూడా మసకబారకుండా పెరుగుతుంది. పాత పరికరాలలో కొత్త ఎమోజీకి బదులు ఖాళీ గడి కనిపించవచ్చు గనుక, బాగా వ్యాప్తిలో ఉన్న ముఖాలకే పట్టికను పరిమితం చేయడం వివేకం.

బొమ్మకు పేరు ఉండాలి

చిత్రాలను వాడే ప్లగిన్‌కు మరొక బాధ్యత ఉన్నది. చూపు లేని పాఠకులు పుటను చదివి వినిపించే సాఫ్టువేరు సహాయంతో చదువుతారు. బొమ్మ వెనుక మాటలలో వివరణ లేకపోతే ఆ సాఫ్టువేరు మౌనం వహిస్తుంది, లేదా ఫైలు పేరును అర్థం లేకుండా వల్లిస్తుంది. చిత్రానికి "చిరునవ్వు" అని ప్రత్యామ్నాయ పాఠం జతపరిస్తే ఆ పాఠకునికి కూడా రచయిత ఉద్దేశం అందుతుంది. ఎమోజీల విషయంలో ఈ పని కొంత సులువు. యూనికోడ్ కన్సార్టియం నిర్వహించే భాషా సమాచార భాండాగారంలో వాటి పేర్లు తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో లభిస్తున్నాయి.

పేరు అవసరం కావడానికి ఇంకొక కారణం అర్థభేదం. చేతులు జోడించిన ఎమోజీ భారతీయునికి నమస్కారం. మరికొన్ని దేశాలవారికి అది ప్రార్థన, లేక కృతజ్ఞత, లేక క్షమాపణ. బొమ్మలకు భాషాభేదం లేదనడం పూర్తిగా నిజం కాదు. బొమ్మలు కూడా చూసేవారి సంస్కృతి నుండే అర్థాన్ని గ్రహిస్తాయి. ఎమోజీలు క్రమంగా ఇతర దేశాల జీవితాన్ని కూడా ప్రతిబింబించసాగాయి. 2019లో చేరినవాటిలో చీర, ప్రమిద, ఆటో రిక్షా, హిందూ దేవాలయం ఉన్నాయి.

ఎక్కడ నవ్వాలి, ఎక్కడ కూడదు

సౌకర్యం ఉన్నంత మాత్రాన ప్రతి చోటా దానిని వినియోగించనక్కరలేదు. విజ్ఞాన సర్వస్వపు వ్యాసంలో రచయిత వ్యక్తిగత భావానికి చోటు లేదు. పదకోశంలో నిర్వచనం పక్కన నవ్వు ముఖం ఉంటే పాఠకునికి దాని మీద విశ్వాసం సన్నగిల్లుతుంది. చర్చాపుట సంగతి వేరు. అక్కడ మనుషులు మనుషులతో మాట్లాడుతారు. అందువల్ల ప్లగిన్ చర్చాపుటలలో మాత్రమే పని చేసేటట్లు, వ్యాసపుటలలో నిద్రించేటట్లు అమర్చుకోవడం ఉత్తమం. మీడియావికీలో వ్యాసాలకు, చర్చలకు వేర్వేరు నామబరులు, అనగా పుటల విభాగాలు ఉంటాయి. ఏ విభాగపు పుట సిద్ధమవుతున్నదో తెలుసుకొని మసలుకోవడం ప్లగిన్‌కు కష్టమైన పని కాదు.

చిహ్నాల అర్థం న్యాయస్థానాల వరకు వెళ్లిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాట్సాప్ బృందంలో నవ్వు ఎమోజీలు పంపినందుకు కొందరు ఉద్యోగుల మీద పెట్టిన క్రిమినల్ కేసు 2018లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందుకు రాగా, న్యాయస్థానం దానిని కొట్టివేసింది. పంపినవారు స్వయంగా ఎంచుకున్న చిహ్నమే ఇంతటి వివాదానికి దారి తీయగలిగినప్పుడు, రచయిత ఎంచుకోని చిహ్నాన్ని యంత్రం తనంతట తాను అతని వాక్యంలో చొప్పించడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. ప్లగిన్ నిర్మాత మొదట ఆలోచించవలసినది బొమ్మల అందాన్ని గురించి కాదు, రచయిత ఉద్దేశాన్ని గురించి. సందేహం కలిగినప్పుడు మార్చకుండా వదలిపెట్టడమే మేలు. మారని :-) వల్ల ఎవరికీ హాని లేదు. అకారణంగా మారిన "కవి:)" వల్ల అర్థం చెడుతుంది.

సారాంశం

వికీలో భావచిహ్నాలను చేర్చేవారు గుర్తుంచుకోవలసిన విషయాలు ఇవి: సాఫ్టువేరు మూలాన్ని తాకకుండా ప్లగిన్‌ను వాడాలి. భద్రపరచిన రాతను మార్చక ప్రదర్శనను మాత్రమే మార్చాలి. పొడవైన గుర్తులను ముందు వెదకాలి. చిరునామాలను, యథాతథ భాగాలను మినహాయించాలి. గుర్తుకు ఇరుప్రక్కల ఖాళీ ఉన్నప్పుడే దానిని ముఖంగా గ్రహించాలి. ప్రతి చిత్రానికి చదువరి భాషలో పేరు ఇవ్వాలి. వికీలో ఎన్ని భాషలు రాస్తారో అన్ని భాషల పుటలలోనూ పరీక్షించిన తరువాతనే అందరికీ అందుబాటులోకి తేవాలి.

ఈ చివరి నియమం మిగిలినవాటికంటె ముఖ్యమైనది. అనేక భాషలవారు ఒకే పుట మీద పని చేసే దేశంలో, ఒక భాషకు సౌకర్యమైన పరికరం మరొక భాషకు ఇబ్బంది కలిగించరాదు. హిందీ విసర్గకు, తెలుగు గుణింతానికి, తమిళ పుల్లికి, బెంగాలీ హసంతానికి సమానమైన గౌరవం ఇచ్చే చిన్న ప్రోగ్రాము రాయడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. ప్రతి భాష నుండి ఒక పుట తెరిచి, ఆ భాష చదవగల సహోద్యోగిని ఒకసారి చూడమని కోరితే సరిపోతుంది.